ఊరి చావుల లెక్క
(కృష్ణాతీరపు ఆరోగ్య చరిత్ర – 11వ భాగం)

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత దివిసీమ, బందరు, గుడివాడ ప్రాంతాలు కరువు భయం నుండి బయటపడి మాగాణి సీమలుగా మారిన తీరును గత భాగం వివరించింది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచెత్తి దాదాపు 30,000 మందిని పొట్టనబెట్టుకున్న ఉప్పెన, ఏటేటా కాలువ నీటి వెంట వచ్చిన కలరా, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చిపెట్టి పదివేల మందికి పైగా బలిగొన్న తుఫాను ఆ కథలో ప్రధాన ఘట్టాలు. ఆ మరణాలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. అవి ఒక్కసారిగా, గుంపుగా, అందరి కళ్లముందు సంభవించాయి కాబట్టి పాలకులు నివేదికలు రాశారు, పత్రికలు ప్రచురించాయి, జనం తరతరాలుగా చెప్పుకున్నారు. ఇరవయ్యో శతాబ్ది చివరి పాతికేళ్లలో ఇదే గడ్డమీద మరొక రకం మరణం పెరుగుతూ వచ్చింది. అది ఇంటికొకటిగా, వీధికొకటిగా, తెల్లవారుజామున ఛాతీలో నొప్పి రూపంలోనో ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడం రూపంలోనో వచ్చి, పన్నెండో రోజు దాటాక ఇంటివారికి తప్ప మరెవరికీ గుర్తులేకుండా పోయింది. అలాంటి మరణాలను పొరుగున ఉన్న గోదావరి పల్లెల్లో శాస్త్రీయంగా లెక్కించిన ప్రయత్నం ఈ భాగానికి విషయం.

అధ్యక్షుడి రక్తపోటు, అమెరికా ఊరు

గుండె, రక్తనాళాల జబ్బులను రోగి మంచం దగ్గర కాక ఊరి మధ్యలో నిలబడి పరిశీలించాలన్న ఆలోచనకు ఒక దేశాధినేత మరణం ఊతమిచ్చింది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయారు. ఆ రోజు ఆయన రక్తపోటు 300/190 ఉన్నట్లు నమోదైంది. అంతకుముందు ఏళ్ల తరబడి అది పెరుగుతూనే ఉన్నా, వయసుతోపాటు రక్తపోటు పెరగడం సహజమేనన్న నమ్మకం నాటి వైద్యుల్లో బలంగా ఉండేది. మూడేళ్ల తరువాత, 1948లో, అమెరికా ప్రభుత్వం జాతీయ హృదయ చట్టం తెచ్చింది. ఆ ఏడాదే మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 5,209 మంది స్త్రీపురుషులను ఎంచుకుని, వారికి క్రమం తప్పకుండా పరీక్షలు జరుపుతూ, ఎవరికి ఎప్పుడు గుండెపోటు వస్తుందో దశాబ్దాలపాటు గమనించే అధ్యయనం మొదలైంది. అధిక రక్తపోటు, రక్తంలో కొలెస్టరాల్, పొగతాగడం అనే మూడూ గుండెపోటుకు దారితీసే ముప్పు కారకాలని ప్రపంచానికి నచ్చజెప్పినది ఈ పట్టణమే.

ఈ జబ్బు పుట్టుకను కృష్ణా డెల్టా పాఠకులు కాలువ భాషలోనే అర్థం చేసుకోవచ్చు. గుండె కండరానికి రక్తం మోసే ధమనుల లోపలి గోడలో, ఏళ్ల తరబడి, కొవ్వు పదార్థం పూడికలా పేరుకుంటుంది. దారి సన్నబడుతున్నా మనిషికి చాలాకాలం ఏమీ తెలియదు. ఏదో ఒకనాడు ఆ పూడిక పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి ప్రవాహం ఆగిపోతుంది. ఆ గడ్డ గుండె ధమనిలో ఏర్పడితే గుండెపోటు. మెదడుకు వెళ్లే నాళం మూసుకుపోయినా, అధిక రక్తపోటుకు అది చిట్లినా పక్షవాతం. రెండు జబ్బులూ వేర్వేరు అవయవాల్లో కనిపించినా మూలం చాలావరకు ఒకటే గనుక శాస్త్రవేత్తలు వాటిని ప్రసరణ వ్యవస్థ వ్యాధులనే ఒకే పద్దు కింద లెక్కిస్తారు.

అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో ఏడు దేశాల అధ్యయనం ఆరంభించి, ఆహారంలోని సంతృప్త కొవ్వే ప్రధాన దోషి అని వాదించగా, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ చక్కెరవైపు వేలెత్తి చూపాడు. ఈ వివాదంలోకి భారతదేశం నుంచి ఒక విచిత్రమైన అంకె వెళ్లి పడింది. రైల్వే వైద్యాధికారి ఎస్.ఎల్. మల్హోత్రా దేశమంతటా ఉన్న రైల్వే ఉద్యోగుల మరణాలను పరిశీలించి, పంజాబు ప్రాంతపు ఉద్యోగులకన్నా దక్షిణాది ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు ఏడు రెట్లు ఎక్కువని 1967లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాడు. నెయ్యి, పాలు దండిగా తినేది పంజాబీలు. కొవ్వు తక్కువగా, వరి అన్నం ఎక్కువగా తినేది దక్షిణాదివారు. కీస్ సిద్ధాంతానికి ఈ లెక్క ఎదురు తిరిగింది. మల్హోత్రా చూపిన కారణాలపై వాదోపవాదాలు సాగినా, అన్నం తినే దక్షిణాది మనిషికి గుండెజబ్బు దూరమన్న ధీమాకు మాత్రం ఆనాడే బీటపడింది. అయితే ఆ అంకె ఉద్యోగులది, జీతపు రాళ్లు అందుకునే రైల్వే కాలనీలది. పొలం పనికి వెళ్లే రైతు, కూలీల మాట దానివల్ల తేలలేదు.

మునసబు పుస్తకంలో లేని జబ్బు

పల్లెలో మనిషి ఎందుకు చనిపోయాడన్నది తేల్చడం అంత సులభం కాదు. బ్రిటిషు పాలన కాలం నుంచి మద్రాసు రాష్ట్రంలో జనన మరణాల పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. ఆ పుస్తకం పారిశుద్ధ్య శాఖ అవసరాలకోసం పుట్టినది కావడం వల్ల అందులోని గళ్లు కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు వంటి అంటురోగాల చుట్టూ అల్లుకుని ఉండేవి. వాటిలో దేనికిందికీ రాని మరణమంతా ‘ఇతర కారణాలు’ అన్న చివరి గడిలో పడేది. ఆరోగ్యంగా తిరుగుతున్న యాభై ఏళ్ల రైతు చేలో కుప్పకూలిపోతే మునసబు రాయడానికి సరైన గడి లేదు. వైద్యుడు చూడలేదు గనుక ధ్రువీకరించేవారూ లేరు.

1969లో జనన మరణాల నమోదు చట్టం దేశమంతటికీ ఒకటిగా వచ్చింది. 1984లో నందమూరి తారకరామారావు ప్రభుత్వం వంశపారంపర్య మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. గుడివాడ సమీపంలోని నిమ్మకూరులో పుట్టిన ముఖ్యమంత్రి తీసుకున్న ఆ నిర్ణయం గ్రామ రాజకీయాలను తలకిందులు చేసినా, చావు కారణాల నమోదు మాత్రం మెరుగుపడలేదు. డాక్టరు రాసే మరణ కారణ ధ్రువపత్రం పట్టణాల్లోని ఆసుపత్రులకే పరిమితం కాగా, పల్లెల్లో ఇంటివారు చెప్పిన ‘ముసలితనం’, ‘నొప్పి’, ‘జ్వరం’ వంటి మాటలే లెక్కలకెక్కాయి. బందరు ఆసుపత్రికి చేరినవారి మరణం ఒక కారణంతో నమోదైతే, నాగాయలంకలోనో కోడూరులోనో ఇంటి వద్దే కన్నుమూసినవారి మరణం కారణం లేకుండా మిగిలిపోయేది. దాని ఫలితం ప్రభుత్వ ప్రాధాన్యాల్లో కనిపించింది. కాగితం మీద లేని జబ్బుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు పెట్టాలన్న ఆలోచన ఏ అధికారికీ రాలేదు.

మారిన వంటిల్లు, మారిన పొలం

ఈ నిశ్శబ్దం వెనుక డెల్టా బతుకు వేగంగా మారుతూ వచ్చింది. 1957లో ప్రకాశం బ్యారేజి పాత ఆనకట్ట స్థానాన్ని తీసుకున్నాక, ఆపై నాగార్జునసాగర్ నీటి భరోసా కూడా చేరాక, రెండో పంట అనేక ఊళ్లకు సాధారణమైంది. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి రకాలు గాదెలు నింపాయి. దంపుడు బియ్యం వెనకబడి, మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యం గౌరవానికి గుర్తయింది. తవుడుతోపాటు పీచు పదార్థం పోయిన ఆ అన్నం త్వరగా అరిగి రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుందన్న సంగతి నాటి ఇళ్లకు తెలియదు.

ఉప్పు మాత్రం ఈ తీరానికి కొత్త కాదు. బందరు చుట్టుపక్కల ఉప్పుమళ్లు శతాబ్దాలుగా నడుస్తున్నాయి. ఏడాదికి సరిపడా పెట్టుకునే ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చళ్లు, వాన రోజుల్లో ఆదుకునే ఉప్పుచేప, మధ్యాహ్నపు మజ్జిగలో మిరపకాయ, ఇవన్నీ ఉప్పుతో ముడిపడిన రుచులే. నడుం విరిగేలా దుక్కి దున్ని, నాట్లు వేసి, మోపులు మోసిన తరానికి ఆ ఉప్పులో కొంత చెమటగా పోయేది. ట్రాక్టరు, పంపుసెట్టు, మోపెడ్ వచ్చాక శ్రమ తగ్గింది గాని కంచంలో ఉప్పు తగ్గలేదు. మగవారి నోట లంకపొగాకు చుట్ట, ఆపై బీడీ, సిగరెట్ నిలిచే ఉన్నాయి. కొల్లేటి చుట్టూ 1980ల నుంచి చేపల చెరువులు వ్యాపించి చేతిలో డబ్బు ఆడాక, పెళ్లి భోజనాల్లో నూనె, తీపి పదార్థాల పాలు పెరిగింది.

ఈ మార్పుల్లో ఏది ఎంత హాని చేసిందో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు. ఒకటి మాత్రం నిజం: పసివయసులో అర్ధాకలి, నడివయసులో పుష్టి అనుభవించిన తరం ఇది. కలరాను, ఉప్పెనను దాటి అరవై ఏళ్లు బతకడం సాధ్యమైన తొలి తరం కూడా ఇదే. దీర్ఘకాలపు జబ్బులు రావడానికి ముందు మనిషి ఎక్కువ కాలం బతకాలి. డెల్టా ఆ షరతును నెరవేర్చింది.

ధనికుల జబ్బన్న నమ్మకంతో పోరు

గుండెజబ్బు పట్టణంలోని ధనికులకే వస్తుందన్న అభిప్రాయం 1990ల దాకా భారత వైద్యరంగాన్ని ఏలింది. దాన్ని ప్రశ్నించినవారిలో తెలుగువాడైన కార్డియాలజిస్టు కె. శ్రీనాథ్ రెడ్డి ముఖ్యుడు. కేంద్రమంత్రిగా, గవర్నరుగా పనిచేసిన కె.వి. రఘునాథరెడ్డి కుమారుడైన ఆయన, హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదివి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో హృద్రోగ శాస్త్రంలో ఉన్నత విద్య పూర్తిచేసి, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో వ్యాధి విస్తరణ శాస్త్రం అభ్యసించారు. ఒక్కొక్క రోగి ధమనిని బాగుచేయడంతో తృప్తి పడక, ఆ రోగులను తయారుచేస్తున్న సమాజాన్ని పరిశీలించాలన్నది ఆయన ఎంచుకున్న దారి. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన సలీం యూసఫ్‌తో కలిసి 1998లో సర్క్యులేషన్ పత్రికలో రాసిన వ్యాసంలో, అభివృద్ధి చెందుతున్న దేశాలను గుండె, రక్తనాళాల జబ్బుల మహమ్మారి చుట్టుముడుతోందని ఆయన హెచ్చరించారు.

ఈ హెచ్చరికకు గట్టి పోటీ ఎదురైంది. ఐక్యరాజ్యసమితి 2000లో ప్రకటించిన సహస్రాబ్ది లక్ష్యాల్లో మలేరియా, క్షయ, ఎయిడ్స్, మాతాశిశు మరణాలు ఉన్నాయి గాని గుండెజబ్బు పేరైనా లేదు. అంతర్జాతీయ నిధులన్నీ ఆ లక్ష్యాల వెంటే నడిచాయి. పేద దేశాల పల్లెల్లో అంటురోగాలను పక్కనపెట్టి గుండె గురించి మాట్లాడటం విలాసమని పలువురు నిపుణులు భావించారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త అలన్ లోపెజ్, క్రిస్టఫర్ ముర్రేతో కలిసి 1996లో ప్రచురించిన ప్రపంచ వ్యాధిభార అంచనాల్లో 2020 నాటికి గుండెజబ్బు మొదటి స్థానానికి చేరుతుందని చెప్పినా, భారతీయ పల్లెలకు సంబంధించిన అసలు గణాంకాలు లేకుండా వేసిన అంచనాను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న నిలిచే ఉంది. మరో పక్క, యూసఫ్ నేతృత్వంలో 52 దేశాల్లో సాగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, తొమ్మిది ముప్పు కారకాలే ప్రపంచంలోని గుండెపోట్లలో అత్యధిక భాగాన్ని వివరిస్తాయని తేల్చింది; ఆ సమాచారాన్ని విశ్లేషించగా దక్షిణాసియావాసికి తొలి గుండెపోటు సగటున 53వ ఏట, మిగతా దేశాలవారికి దాదాపు 59వ ఏట వస్తున్నట్లు బయటపడింది. అయినా ఆ రోగులు ఆసుపత్రికి చేరినవారు. చేరకుండానే పోయినవారిని ఎవరో ఊరూరా తిరిగి అడగవలసి ఉంది.

గోదావరి పల్లెల్లో ఏడాది

ఆ పని కొల్లేటికి ఆవలి ఒడ్డున జరిగింది. భీమవరం ప్రాంత పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు నడుపుతున్న బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, శ్రీనాథ్ రెడ్డి స్థాపించిన ఢిల్లీలోని సెంటర్ ఫర్ క్రానిక్ డిసీజ్ కంట్రోల్, సిడ్నీ నగరంలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేతులు కలిపి ‘ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్’ పేరిట ఒక అధ్యయనం చేపట్టాయి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలను, వాటిలోని 1,80,162 మంది జనాభాను పరిధిగా తీసుకుని, ఏడాదిపాటు సంభవించిన ప్రతి మరణానికీ కారణం కనిపెట్టడం దాని లక్ష్యం. పరిశోధకురాలు రోహిణా జోషి ముందుండి నడిపిన ఈ పనిలో కార్డియాలజిస్టు కృష్ణంరాజు, బైర్రాజు ఫౌండేషన్ నుంచి కె. రామరాజు, సిడ్నీ నుంచి బ్రూస్ నీల్, పైన చెప్పిన అలన్ లోపెజ్ పాలుపంచుకున్నారు.

వారు వాడిన పద్ధతికి వెర్బల్ అటాప్సీ అని పేరు. శవాన్ని కోయవలసిన అవసరం లేకుండా, మరణించిన వ్యక్తి దగ్గరివారిని ఒక క్రమంలో ప్రశ్నించి, ఆ జవాబుల ఆధారంగా కారణం నిర్ధారించడమే దాని సారం. శిక్షణ పొందిన గ్రామ ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి, చనిపోవడానికి ముందు నొప్పి ఎక్కడ వచ్చింది, ఎంతసేపు ఉంది, చెమటలు పట్టాయా, మాట తడబడిందా, ఒక పక్క చచ్చుబడిందా, దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, బరువు తగ్గారా, బీపీ షుగరు ఉన్నట్లు ఎవరైనా చెప్పారా అని అడిగి రాసుకునేది. ఆసుపత్రి చీటీలు ఉంటే చూసేది. ఆ కాగితాలను తరువాత వైద్యులు చదివి, అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ ప్రకారం ఒక్కో మరణానికి ఒక్కో సంకేతం కేటాయించేవారు. ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. వయసు మీరినవారి విషయంలో, పలు జబ్బులు కలగలసినచోట పొరపాటుకు తావుంటుంది. అయినా ఛాతీనొప్పితో గంటల్లో పోవడం, ఒక్కసారిగా ఒక పక్క పడిపోవడం ఇంటివారు మరచిపోయే సంగతులు కావు.

ఏడాదిలో 1,354 మరణాలు నమోదయ్యాయి; వాటిలో 98 శాతం ఇళ్లలో ప్రశ్నావళి పూర్తయింది. 2006లో వెలువడిన ఫలితం శ్రీనాథ్ రెడ్డి వాదానికి అంకెల బలం ఇచ్చింది. మొత్తం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవి. వాటిలో గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానంగా ఉన్నాయి. జారిపడటం, ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న గాయాలు, బాహ్య కారణాల వర్గం 13 శాతంతో రెండో స్థానంలో నిలవగా, శతాబ్దాలపాటు డెల్టాను ఏలిన అంటురోగాలు 12 శాతంతో మూడో స్థానానికి దిగాయి. ఆ అంటురోగాల్లో మూడోవంతు క్షయ. క్యాన్సర్లు 7 శాతం, శ్వాసకోశ వ్యాధులు 5 శాతం. అంటే గుండె, రక్తనాళాల జబ్బులు అంటురోగాలన్నిటికన్నా రెండున్నర రెట్లకు పైగా ప్రాణాలు తీశాయి. మునసబు పుస్తకంలో గడి అయినా దొరకని జబ్బు ఊరి చావుల్లో మొదటి వరుసకు వచ్చి కూర్చుంది.

ఇది గోదావరి పల్లెల లెక్కే గాని కృష్ణా పల్లెల లెక్క కాదు. గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ ఊళ్లకు దాన్ని యథాతథంగా అన్వయించడం శాస్త్రసమ్మతం కాకపోయినా, ఒకే రకం కాలువలు, ఒకే బియ్యం, ఒకే పచ్చళ్లు, ఒకే రకపు పని ఉన్న పొరుగు డెల్టా తన ముఖాన్ని అందులో చూసుకోవడం తప్పదు. ఆ ప్రాంతంలోనే 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షించగా 13.2 శాతం మందిలో చక్కెర వ్యాధి కనిపించిందని క్లారా చౌ బృందం 2006లోనే ప్రకటించింది. పల్లెకు షుగరు రాదన్న మాట కూడా అంతటితో చెల్లిపోయింది.

లెక్క తేలాక

కారణం తేలినంత మాత్రాన చికిత్స ఊరికి నడిచిరాలేదు. గుండెపోటు ఒకసారి వచ్చి బతికి బయటపడినవారు రెండోసారి రాకుండా వాడవలసిన మందులు చవకైనవే: రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్ప్రిన్, రక్తపోటు తగ్గించే మాత్రలు, కొలెస్టరాల్‌ను అదుపుచేసే స్టాటిన్లు. ఆ పల్లెల్లో వీటన్నిటినీ క్రమంగా వాడుతున్నవారు చాలా కొద్దిమందేనని తదుపరి పరిశీలన తెలిపింది. కారణాలు ఊహించడం కష్టం కాదు. నొప్పి తగ్గాక మందు ఎందుకన్న భావన ఒకటి. ఇంజెక్షన్‌తో ఉపశమనం ఇచ్చే ఆర్‌ఎంపీ వీధిలోనే ఉండగా నెలనెలా బీపీ చూపించుకోవడానికి పట్టణానికి పోవడంలో పోయే కూలి ఇంకొకటి.

దాంతో పరిశోధకులు ఊరిలోనే ఉన్న ఆరోగ్య కార్యకర్తను ఆధారం చేసుకున్నారు. 44 గ్రామాల్లో జరిగిన పరీక్షలో, సులభమైన నియమావళి చేతికిచ్చి శిక్షణ ఇస్తే డాక్టరు కాని కార్యకర్త కూడా గుండె ముప్పు ఎక్కువగా ఉన్నవారిని మరింత మెరుగ్గా గుర్తించగలదని రుజువైంది. ప్రచార సభలు, పోస్టర్ల వల్ల మాత్రం జనం అవగాహనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తరువాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చి, బీపీ కొలిచి ముప్పును లెక్కగట్టే పద్ధతిని ప్రయోగించారు. గుర్తింపు, డాక్టరు దగ్గరికి పంపడం బాగానే సాగాయి గాని, రక్తపోటు అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో ప్రయోగం జరిగిన ఊళ్లకూ జరగని ఊళ్లకూ తేడా కనిపించలేదు. రోగిని కనిపెట్టే యంత్రం ఉన్నా ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ, బీరువాలో మందూ నిలకడగా లేకపోతే ఫలితం రాదన్నది ఈ ప్రయోగం చెప్పే పాఠం. ఫ్రామింగ్‌హామ్‌లో ముప్పును కనుగొనడానికి ఏళ్లు పట్టింది. తెలిసిన ముప్పును పల్లెలో తగ్గించడం అంతకన్నా కష్టమైన పనిగా తేలింది.

ఇంతవరకు చెప్పుకున్న పరిశోధనలన్నీ పెద్దవారి కంచం, పెద్దవారి పొగ, పెద్దవారి రక్తపోటు చుట్టూ తిరిగాయి. ధమని గట్టిపడటం అంతకన్నా ఎంతో ముందు, తల్లి కడుపులోనే మొదలవుతుందేమోనన్న అనుమానం అప్పటికే ఇంగ్లాండులో ఒక కొత్త వాదానికి దారితీసింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా నగర పరిసరాల్లోని 29 గ్రామాల్లో జరిపిన ప్రయోగంలో భాగంగా, వాటిలో 15 గ్రామాల గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారంగా అందిన ఉప్మా, ఆ పిల్లలు యౌవనంలోకి అడుగుపెట్టాక వారి ధమనుల్లో ఏ గుర్తులు వదిలిందో, ఆ గుర్తులు కొలవడానికి శాస్త్రవేత్తలు మళ్లీ అవే ఊళ్లకు ఎలా వెళ్లారో వచ్చే భాగంలో.